పడవకి మైలేజీ ఎంత?

మనవాళ్ళు ఏ బండి చూసినా మొట్టమొదట అడిగేది ఒకటే: "లీటరుకి ఎంత ఇస్తుంది?" బజాజ్ అయినా బెంజ్ అయినా సరే, ప్రశ్న మాత్రం మారదు. పోయిన సంక్రాంతికి మా మామ ఇదే ప్రశ్న నన్ను ఒక పడవ గురించి అడిగాడు. నేను చాలా ధీమాగా సమాధానం చెప్పా. ఆ సమాధానం ఎలా తప్పిందో, దాని వల్ల నూటయాభై ఏళ్ళ కిందటి ఒక కాలువ దగ్గరికి ఎలా వెళ్ళానో చెప్పడమే ఈ టపా సంగతి.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. పని చేసేది బెంగళూరులో, అందరిలాగే. మా మామకి ఊళ్ళో పొలం ఉంది, నంద్యాలలో చిన్న వ్యాపారం ఉంది. వీటికి తోడు కొత్తగా పడవ పిచ్చి పట్టుకుంది. ఎవరో అమ్మేస్తుంటే ఒక 16 అడుగుల ఫైబరు పడవ, దాని వెనక తగిలించే 15 హార్స్ పవర్ పెట్రోలు ఇంజనూ కొన్నాడు. సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదీ నీళ్ళ మీద తిరిగి రావాలని ఆయన సరదా. మా వైపు నీళ్ళు చూడ్డమే ఒక పండగ కదా!

"ఏం అల్లుడూ, ఇంత చదివినావు, ఇది గంటకి ఎంత తాగుతుందో లెక్క చెప్పలేవా?" అన్నాడు.

చెప్పలేకపోవడమేంటి? ఎక్సెల్ తెరిచా. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజను పూర్తి వేగంలో ఒక్కో హార్స్ పవరుకి గంటకి సుమారు మూడో వంతు లీటరు తాగుతుంది. అంటే 15 హార్స్ పవరుకి గంటకి 5 లీటర్లు. ముందురోజు మామ ఒక్కడే నడిపినప్పుడు ఫోన్‌లో జీపీఎస్ చూస్తే వేగం 25 కిలోమీటర్లు. 25ని 5తో భాగిస్తే లీటరుకి 5 కిలోమీటర్లు. మేము వెళ్ళాల్సింది 6 కిలోమీటర్లు పోను, 6 రాను, మొత్తం 12. అంటే రెండున్నర లీటర్ల లోపే. ఎందుకైనా మంచిదని 4 లీటర్లు పోయించా. అరవై శాతం పైన బఫరు! మా మేనేజరు చూస్తే అక్కడికక్కడే కోసేసేవాడు.

ఏడుగురం ఎక్కాం. లైఫ్ జాకెట్లు అందరికీ వేశాం, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాం. తిరిగి వస్తుంటే, ఒడ్డు ఇంకా 3 కిలోమీటర్లు ఉందనగా ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. పొద్దు గూకుతోంది. ఫోనులో సిగ్నలు లేదు. చిన్నపిల్ల ఏడుపు అందుకుంది. మామ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

చివరికి చేపలు పట్టే ఒకాయన తన పుట్టిలో వచ్చి, తాడు కట్టి మమ్మల్ని లాక్కెళ్ళాడు. ఒక్క మనిషి, ఒక్క తెడ్డు, వెనక ఏడుగురున్న మా పడవ! నిదానంగానే అయినా ఒడ్డుకి చేర్చాడు. 15 గుర్రాలు చేయలేని పని ఒక మనిషి చేశాడన్నమాట.

ఇంటికొచ్చాక మా జేజినాయనకి ఈ కథంతా చెప్తే పడీ పడీ నవ్వాడు. ఆయనకి ఎనభై దాటాయి. "మా నాయన చిన్నప్పుడు కేసీ కాలవలో పడవలు పోతాండెనంట. అప్పుడు పెట్రోలు యాడుందిరా? తాడు కట్టి లాగడమే" అన్నాడు.

నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కాలువ అది. బడికి వెళ్ళేటప్పుడు దాటేవాణ్ణి. అందులో పడవలు నడిచాయని నాకెప్పుడూ తట్టలేదు. మాకది మడికి నీళ్ళిచ్చే కాలువ, అంతే. సెలవు అయిపోయి బెంగళూరు వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. కొన్ని రాత్రులు దీని మీదే కూర్చున్నా. మా వైపు ఈ కాలువని డచ్చివాళ్ళు తవ్వించారని చెప్పుకుంటారు. నేనూ అదే నమ్మాను. అది నిజం కాదు. తవ్వించింది లండన్‌లో పుట్టిన ఒక ప్రైవేటు కంపెనీ.

కథ గోదావరి దగ్గర మొదలవుతుంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు తెలియని తెలుగువాడు ఉండడు. అయితే కాటన్ అంటే సాగునీరు అని మాత్రమే మనకి గుర్తు. ఆయన దృష్టిలో కాలువకి రెండు పనులు: పొలానికి నీళ్ళివ్వడం, సరుకు మోయడం. రెండోది మొదటిదానికంటే తక్కువేమీ కాదు. రైళ్ళ మీద అంత డబ్బు తగలేసే బదులు అందులో కొంత పెట్టి పడవ కాలువలు తవ్వితే సరుకు రవాణా ఎంతో చవగ్గా అయిపోతుందని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఇదే వాదన.

వాదనలో పస లేకపోలేదు. ఇంగ్లండు కాలువల్లో ఒక గుర్రం 25 నుంచి 30 టన్నులున్న పడవని లాగేది. అదే గుర్రం మంచి రోడ్డు మీద బండికి కడితే రెండు టన్నులు లాగడం గగనం. మన ఎద్దుకీ ఇదే సూత్రం. ఇక రేగడి నేలలో, వానాకాలంలో ఎద్దులబండి సంగతి మీకు చెప్పక్కర్లేదు, చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. నంద్యాల చుట్టూ ఉన్నదంతా ఆ రేగడే.

కాటన్ ఊహ చాలా పెద్దది. తుంగభద్ర నుంచి పెన్నకి, పెన్న వెంట నెల్లూరికి, అక్కణ్ణించి మద్రాసు తీరానికి పడవ దారి. ఆ ఊహ మీద 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. 10 లక్షల పౌండ్ల పెట్టుబడి. దాని మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ. రైల్వే కంపెనీలకి ఇచ్చిన హామీయే దీనికీ ఇచ్చారు. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుడికి 5 శాతం గ్యారంటీ, అదీ మన ఖజానా నుంచి. ఇలాంటి ప్రాజెక్టులో ఎస్టిమేషను ఎంత జాగ్రత్తగా వేస్తారో మీరే ఊహించుకోండి :-)

మొత్తం ఊహలో నిజంగా తవ్వింది ఒక్క ముక్క. కర్నూలుకి ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట. అక్కణ్ణించి కాలువ కర్నూలు దగ్గర హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటి, నంద్యాల మీదుగా, కొన్నిచోట్ల కుందూ లాంటి ఏళ్ళ సాయం తీసుకుంటూ, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్న దాటి కడప చేరుతుంది. మొత్తం 190 మైళ్ళు, అంటే 306 కిలోమీటర్లు. 1863లో పని మొదలుపెట్టి 1871కి పూర్తిచేశారు. మొదటి 10 లక్షల పౌండ్లు మధ్యలోనే అయిపోయాయి, మళ్ళీ అప్పు తేవాల్సొచ్చింది. బడ్జెట్ దాటిన ప్రాజెక్టులు మన కాలంలోనే పుట్టలేదన్నమాట.

1871 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. దానికి మళ్ళీ వస్తా. ముందు నా తప్పు సంగతి తేల్చుకోవాలి. పడవ ఎంత ఇంధనం తాగుతుందో లెక్కవేయడానికి కూడా ఒక చరిత్ర ఉంది. అది నాలాంటి పెద్ద పెద్ద తెలివైనవాళ్ళ తప్పులతోనే మొదలైంది.

1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో శాస్త్రవేత్తల సభ జరిగింది. డయొనీషియస్ లార్డ్‌నర్ అనే ప్రొఫెసరు లేచి, ఆవిరి ఓడ మధ్యలో ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటడం దాదాపు కుదరని పని అని లెక్క వేసి చూపించాడు. రెండు వేల మైళ్ళు దాటాక బొగ్గు అయిపోతుందని ఆయన లెక్క. ఓడ పెద్దదైతే ఇంజనూ పెద్దదవుతుంది, బొగ్గూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కాబట్టి లాభం లేదని ఆయన తర్కం. బ్రూనెల్ అనే ఇంజనీరు ఒప్పుకోలేదు. ఓడ కొలతలు రెట్టింపు చేస్తే లోపల పట్టే బొగ్గు ఎనిమిది రెట్లవుతుంది, నీటి నిరోధం మాత్రం నాలుగు రెట్లే అవుతుంది అన్నాడు. 1838 ఏప్రిల్‌లో ఆయన ఓడ గ్రేట్ వెస్టర్న్ 15 రోజుల్లో న్యూయార్క్ చేరింది. చేరేసరికి ఇంకా సుమారు 200 టన్నుల బొగ్గు మిగిలే ఉంది. లార్డ్‌నర్ కూడికలు, గుణకారాలు అన్నీ సరైనవే. తప్పంతా ఆయన పరీక్షించకుండా పెట్టుకున్న ఆ నిష్పత్తిలో ఉంది.

రెండో కథ అచ్చంగా కాలువ కథ. 1834లో స్కాట్లండులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కెనాల్ మీద జాన్ స్కాట్ రస్సెల్ అనే యువ ఇంజనీరు పడవల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. పడవని ఎంత వేగంగా లాగితే ఎంత బలం కావాలో తెలుసుకోవడం ఆయన పని. జత గుర్రాలు లాగుతున్న పడవ ఒకటి హఠాత్తుగా ఆగింది. దాని ముందున్న నీటి గుట్ట మాత్రం ఆగలేదు. అదే ఆకారంతో, గంటకి ఎనిమిది తొమ్మిది మైళ్ళ వేగంతో కాలువ వెంట దొర్లుకుంటూ పోయింది. ఈయన గుర్రమెక్కి మైలు పైనే వెంటపడ్డాడు. ఆ అలకే తర్వాత సాలిటాన్ అని పేరొచ్చింది. ఫైబర్ ఆప్టిక్స్ చదివినవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది.

ఆ అల చెప్పిన పాఠం ఏంటంటే, పడవ తాను పుట్టించిన అలని తానే ఎక్కుతూ పోవాలి. లోతు తక్కువున్న కాలువలో ఆ అల వేగానికి ఒక హద్దుంది, అది లోతుని బట్టి ఉంటుంది. 2 మీటర్ల లోతుంటే సుమారు గంటకి 16 కిలోమీటర్లు. పడవ ఆ వేగానికి దగ్గరయ్యే కొద్దీ ఎంత బలం పెట్టినా అల పెంచడానికే పోతుంది. మామూలు పడవ కాలువలో పరుగెత్తలేదు. కాలువ అంటేనే నిదానం.

మూడో మనిషి విలియం ఫ్రూడ్, బ్రూనెల్ దగ్గర పనిచేసినవాడే. పెద్ద ఓడకి ఎంత శక్తి కావాలో ముందే ఎలా చెప్పడం అన్నది ఈయన సమస్య. ఊహించే బదులు చిన్న నమూనా చేసి, తొట్టెలో లాగి, కొలిచి, దాన్నుంచి పెద్దదానికి లెక్క కట్టాలన్నాడు. బ్రిటిష్ నౌకాదళం డబ్బిస్తే టార్కీలో తన ఇంటి దగ్గరే ఒక పొడవాటి తొట్టె కట్టించాడు. అంతటితో ఊరుకోకుండా గ్రేహౌండ్ అనే నిజం ఓడని ఇంకో ఓడ చేత తాడుతో లాగించి, తన లెక్క సరిపోయిందో లేదో చూసుకున్నాడు. ఆ తొట్టె కట్టిన ఏడు, గ్రేహౌండ్‌ని లాగించిన ఏడు... 1871!

కేసీ కాలువ పూర్తయిన ఏడే, పడవకి ఎంత ఇంధనం కావాలో కొలిచి చెప్పే పద్ధతి మొదలైంది. ఈ రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, ఉత్త కాకతాళీయం. అయినా నాకు చాలా ముచ్చటేసింది.

ఇప్పుడు నా తప్పు దొరికిపోయింది. చిన్న పడవలో ఒక్కడే ఉంటే, ఇంజను గట్టిగా తోసేసరికి పడవ ముక్కు లేచి నీటి పైపైన జారుతూ పోతుంది. అప్పుడే 25 కిలోమీటర్ల వేగం. ఏడుగురు ఎక్కితే అది పైకి లేవదు. నీళ్ళని దున్నుకుంటూ, తన అలని తానే ఎక్కుతూ అక్కడే చిక్కుకుపోతుంది. ఇంజను మాత్రం అదే 5 లీటర్లు తాగుతోంది, వేగం చూస్తే 11. అంటే లీటరుకి 2.2 కిలోమీటర్లు. 4 లీటర్లకి 8.8 కిలోమీటర్లు. మేము ఆగిపోయింది సరిగ్గా ఆ చుట్టుపక్కలే.

అసలు విషాదం ఇంకోటుంది. పడవ నీళ్ళని దున్నుకుంటూ పోయేటప్పుడు కావల్సిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగం చేస్తే గంటకి తాగేది ఎనిమిదో వంతుకి పడిపోతుంది. గమ్యం చేరడానికి రెట్టింపు టైం పడుతుంది కాబట్టి మొత్తం మీద నాలుగో వంతు ఇంధనం చాలు. (ఇంజను తన సొంత ఖర్చు కొంత లాక్కుంటుంది కాబట్టి నిజంలో అంత లాభం రాదనుకోండి.) మేము 11 బదులు 8 కిలోమీటర్ల వేగంతో వచ్చుంటే గంటకి ఒకటిన్నర లీటరు చాలు. అవే 4 లీటర్లతో ఇల్లు చేరి, ఇంకా లీటరున్నర మిగిలేది. పొద్దు గూకుతోందని త్వరపడి గట్టిగా తిప్పిన ఆ యాక్సిలరేటరే మమ్మల్ని నీళ్ళ మధ్యలో ఆపింది. పుట్టి ఆయన ఒక్క తెడ్డుతో ఎలా లాగగలిగాడో కూడా ఇప్పుడు అర్థమైంది. ఆయన నిదానంగా లాగాడు, అంతే.

సరే, మళ్ళీ కాలువకి. నిదానమే ప్రధానమైతే, పడవకి అంత తక్కువ శక్తి చాలితే, కాటన్ లెక్క ప్రకారం కేసీ కాలువ పడవలతో కిటకిటలాడాలి కదా? నంద్యాల రేవుపట్నం అయిపోవాలి కదా? ఎందుకు కాలేదు?

ఇంజనీరుగా చూస్తే మొదట కనబడేది ఎత్తు. సుంకేసుల దగ్గర నీటిమట్టం సముద్రానికి దాదాపు 290 మీటర్ల పైన. కడప 140 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే పడవ సుమారు 150 మీటర్లు దిగాలి, మళ్ళీ అంతా ఎక్కాలి. గోదావరి డెల్టా బల్లపరుపు నేల, అక్కడ లాకులు దూరం దూరంగా ఉన్నా సరిపోతుంది. ఇక్కడ లాకు తర్వాత లాకు. ప్రతి లాకు దగ్గరా ఆగాలి, తలుపులు మూయాలి, నీళ్ళు నిండాలి, తలుపులు తీయాలి. కిలోమీటరు లెక్కన చవగ్గా కనబడే దారి, రోజుల లెక్కన చవక కాదు. పడవ మనుషులకి కూలీ రోజుకే కదా ఇచ్చేది.

రెండోది ప్రవాహం. పడవకి నిలకడ నీళ్ళు కావాలి. పొలానికి పారే నీళ్ళు కావాలి. గంటకి 6 కిలోమీటర్లు పోయే పడవని 2 కిలోమీటర్ల వేగంతో పారే కాలువలో పెట్టండి. దిగువకి 8, ఎగువకి 4. పోను రాను సగటు 6 అనుకుంటాం, నిజానికి 5.33. ఎగువకి పోవడానికి పట్టే ఎక్కువ సమయాన్ని దిగువ ప్రయాణం పూర్తిగా తీర్చలేదు. ఇది ఆరో తరగతి లెక్కే, కానీ ఎస్టిమేటులో అందరం మర్చిపోయేది కూడా ఇదే.

మూడోది కాలం. తుంగభద్ర వానలకి పొంగుతుంది, ఎండాకాలానికి చిక్కిపోతుంది. అప్పట్లో పైన పెద్ద డ్యాములేమీ లేవు. జొన్నా పత్తీ చేతికొచ్చి, బండ్లకెత్తి అమ్మే రోజులకి కాలువలో నీళ్ళు తగ్గుముఖం పడతాయి. సరుకున్నప్పుడు నీళ్ళు చాలవు, నీళ్ళున్నప్పుడు సరుకుండదు.

నాలుగోది పోటీ. కాలువ పూర్తయిన ఆ 1871లోనే మద్రాసు నుంచి కడప మీదుగా వచ్చే రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చే మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. మద్రాసు నుంచి బొంబాయికి నేరుగా రైలు! కడప దాకా వచ్చి ఆగిపోయిన కాలువ ఎక్కడ, రెండు సముద్రాలని కలిపిన రైలు ఎక్కడ! నెల్లూరి దాకా పోవాల్సిన కాలువ కడప దగ్గరే ఆగడంతో అసలు నష్టం జరిగింది. సముద్రం చేరని పడవ దారి, సగం రాసి వదిలేసిన కోడ్ లాంటిది. ఎంత బాగా రాసినా రన్ అవ్వదు. 1890 ప్రాంతానికి గుంతకల్లు నుంచి బెజవాడ వెళ్ళే మీటరుగేజి రైలు నంద్యాలకీ వచ్చేసింది.

ఇక ఐదోది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది, రైతు. కాలువ తవ్వితే రైతులు ఎగబడి నీళ్ళు కొంటారని కంపెనీ లెక్క. డెల్టాలో అలాగే జరిగింది కాబట్టి ఇక్కడా అంతే అనుకున్నారు. మా రేగడి నేలకి తేమ పట్టి ఉంచే గుణం ఉంది. వాన సరిగ్గా పడితే జొన్నకి, పత్తికి కాలువ నీళ్ళతో పని లేదు. డబ్బు కట్టి నీళ్ళెందుకు కొనాలి? రైతులు కొనలేదు. లండన్‌లో కూర్చున్నవాళ్ళు దీన్ని రైతు మొండితనం అనుకుని ఉండొచ్చు. నాకైతే రైతు లెక్కే సరైన లెక్క అనిపిస్తుంది. తన నేల సంగతి తనకి కొలిచి తెలుసు. కంపెనీ వేరే నేల మీద కొలిచి ఈ నేలకి అంటగట్టింది. ఒక్కడు ఎక్కిన పడవ వేగం కొలిచి ఏడుగురికి అంటగట్టిన నాలాగే.

ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అప్పుడు మాత్రం రైతులు కాలువ నీళ్ళకి వచ్చారు. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో ఆ నీళ్ళతో పండిన గింజ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క కట్టగల ఎక్సెల్ ఏదీ లేదు. కంపెనీ పద్దుల్లో నష్టాల కింద రాసిన కాలువే, ఆ ఊళ్ళ పద్దుల్లో ఆయుష్షు. అయినా కంపెనీ కోలుకోలేదు. 1882లో ప్రభుత్వమే కాలువని కొనేసింది. పడవలు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే కనుమరుగయ్యాయి.

మరి కాలువ ఫెయిలైనట్టా? మీరు బెంగళూరులో, హైదరాబాదులో తినే కర్నూలు సోనా బియ్యం ఎక్కడ పండుతాయనుకున్నారు? జొన్నల సీమ నడుమ వరి మళ్ళు వచ్చింది ఆ కాలువ చలవే. పడవల కోసం సగం, పొలాల కోసం సగం అని ఇద్దరు క్లయింట్లకి ఒకే ప్రాడక్ట్ కట్టారు. ఒక క్లయింటు వెళ్ళిపోయాడు. వద్దన్న రెండో క్లయింటు మాత్రం తరతరాలుగా వాడుకుంటున్నాడు.

కాటన్ గీసిన ఆ దారి కూడా పూర్తిగా చెరిగిపోలేదు. 1983లో మొదలైన తెలుగుగంగ పథకంలో కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి బానకచర్ల మీదుగా వెలుగోడు రిజర్వాయరుకి, అక్కణ్ణించి మా ఆళ్ళగడ్డ వైపుగా సాగి, సోమశిల, కండలేరు మీదుగా 1996లో చెన్నై పరిసరాలకి చేరాయి. తుంగభద్ర కాదు కృష్ణ, పడవలు కాదు తాగునీళ్ళు. అయినా ఇక్కడి నుంచి పెన్నకి, పెన్న నుంచి మద్రాసుకి అన్న ఆలోచన నూటపాతికేళ్ళకి నీళ్ళ రూపంలో గమ్యం చేరింది. ఇక నంద్యాల నుంచి కడప జిల్లాలోని ఎర్రగుంట్లకి రైలు మార్గం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2016లో! అది కూడా కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి పోతుంది. ఆళ్ళగడ్డ జనం ఇంకా రోడ్డెక్కాల్సిందే.

ఈ కథంతా మామకి ఫోన్లో చెప్తే ఓపిగ్గా విని, "అయితే ఇప్పుడు ఎంత పోయాలో చెప్పు" అన్నాడు. నిజమే కదా.

నేను నంబరు చెప్పలేదు. ఒక నోటుబుక్కు పెట్టమన్నా. ఎంతమంది ఎక్కారు, ఎన్ని లీటర్లు పోశాం, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని మిగిలాయి, గాలి ఎటు నుంచి, అన్నీ రాయమన్నా. మైలేజీ కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టమన్నా. నీళ్ళ మీద కిలోమీటరు ప్రతిరోజూ ఒకేలా ఉండదు. ఇంకా పాతకాలం నుంచి పడవలవాళ్ళు పాటించే నియమం ఒకటి చెప్పా: ఉన్న ఇంధనంలో మూడో వంతు పోను, మూడో వంతు రాను, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు. అది దేవుడికి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పా. ప్రవాహం ఉన్న నీళ్ళలోకి, వరదలోకి పోవద్దని. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల టూరు బోటు మునిగి ఎంతమంది పోయారో మనం చూశాం. అలాంటి నీళ్ళలో లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్న ప్రశ్నకే అర్థం లేదు.

మొన్న మామ నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపాడు. పదకొండు ట్రిప్పులు రాశాడు. ఆరుగురితో, నిదానంగా, గాలి లేనప్పుడు గంటకి ఒకటిన్నర లీటరు. ఎదురుగాలి ఉన్న రోజు రెండు. నేను బెంగళూరులో కూర్చుని చేసిన షీటు కంటే ఆ వంకర రాతే నమ్మకంగా ఉంది. చివరి పేజీలో కింద, "పుట్టి అన్న కూతురి పెండ్లికి 1,116" అని కూడా రాసుంది. ఆ రోజు లాక్కొచ్చినందుకు ఆయన బాడుగ తీసుకోలేదు. మామ దాన్ని కూడా పెట్రోలు ఖర్చు కిందే రాసుకున్నాడు.